డీవీడీ, బ్లూ-రే ప్లేయర్‌ని 5.1 హోమ్ థియేటర్‌కి కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఆరు స్పీకర్లూ మోగుతున్నాయంటే 5.1 వస్తున్నట్టు కాదు. ఆరింటిలోనూ ఒకే శబ్దం తిరుగుతూ ఉండొచ్చు, వెనక స్పీకర్లలో కూడా హీరో డైలాగే వినబడుతూ ఉండొచ్చు, దాన్నే సరౌండ్ అనుకుని ఏళ్ల తరబడి సినిమాలు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు పెట్టి ప్లేయర్, రిసీవర్ (ప్లేయర్ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లను మోగించే పెట్టె), స్పీకర్లు కొన్నాక డిస్కులో ఉన్న శబ్దం మొత్తం మీ చెవిదాకా రావాలి. దానికి అడ్డుపడేవి నాలుగే: డిస్కులో ఏ ఆడియో ట్రాక్ ఎంచుకున్నారు, ప్లేయర్‌లో సెట్టింగ్ ఏముంది, మధ్యలో ఏ వైరు ఉంది, ఆ వచ్చినదాన్ని రిసీవర్ డీకోడ్ చేయగలదా, అంటే విప్పి ఒక్కో స్పీకర్‌కి వేరుచేయగలదా. నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా మూడూ ఎంత ఖరీదైనవైనా లాభం లేదు. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ నాలుగు చుట్టూనే తిరుగుతాయి.

5.1 అంటే ఏమిటి? ఏ స్పీకర్‌లోంచి ఏం రావాలి?

ఐదు మామూలు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ముందు ఎడమ, కుడి స్పీకర్లలో సంగీతం, తెర మీద అటూ ఇటూ కదిలేవాటి శబ్దాలు వస్తాయి. టీవీ కింద పెట్టేది సెంటర్ స్పీకర్, మాటల్లో ఎక్కువ భాగం దీంట్లోంచే వస్తాయి కాబట్టి సెంటర్ సరిగ్గా లేని సిస్టమ్‌లో సినిమా సగం అర్థం కాదు. ఇక పక్కన లేదా వెనక ఉండే రెండు సరౌండ్ స్పీకర్లలో వాన, జనం గోల, వెనకనుంచి దూసుకొచ్చే బండి. ఇవి ఎప్పుడూ మోగుతూనే ఉండాలని లేదు. ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో వెనక స్పీకర్లు దాదాపు నిశ్శబ్దంగా ఉంటే అది లోపం కాదు, మిక్సింగే అలా చేశారు. చివర్న ఉన్న ఆ పాయింట్ ఒకటి, 120 హెర్ట్జ్ లోపు ఉండే బరువైన శబ్దాల కోసం విడిగా పెట్టిన ఛానల్.

ప్లేయర్ వెనక ఇన్ని సాకెట్లున్నాయి. ఏది దేనికి?

పసుపు రంగుది వీడియో మాత్రమే. దాని పక్కన ఎరుపు, తెలుపు రెండూ స్టీరియో ఆడియో, అంటే రెండు ఛానళ్లు. ఏవీ వైరు మూడు పిన్నులూ గుచ్చితే మీకు వచ్చేది స్టీరియోనే, రిసీవర్ ఎంత గొప్పదైనా అందులోంచి అసలైన 5.1 రాదు.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిసి ఉంటే అది కాంపొనెంట్ వీడియో. ఇక్కడి ఎరుపు వేరు, ఆడియో ఎరుపు వేరు, తడబడేది ఎక్కువగా ఇక్కడే. 2014 నుంచి తయారైన బ్లూ-రే ప్లేయర్లలో పసుపు సాకెట్టూ, ఈ మూడు రంగులవీ ఉండవు, నకలు తీయకుండా ఉండటానికి అనలాగ్ వీడియోని ఆ ఫార్మాట్ లైసెన్సు నిబంధనల్లోంచే తీసేశారు. కాబట్టి కొత్త ప్లేయర్‌లో అవి కనబడకపోతే కంగారుపడకండి.

నారింజ రంగు సాకెట్ ఒక్కటే ఉండి దగ్గర్లో 'కోయాక్సియల్' అని రాసి ఉంటే అది డిజిటల్ ఆడియో. చిన్న చదరపు రంధ్రం, లోపల ఎర్రటి వెలుగు ఉంటే అది ఆప్టికల్. ఇవి రెండూ ఒకటే పని చేస్తాయి, ఒకటి రాగి తీగ మీద, రెండోది వెలుగు రూపంలో. హెచ్‌డీఎంఐ అంటే మీకు తెలిసిందే, బొమ్మా శబ్దమూ రెండూ ఒకే వైరులో.

కొన్ని ప్లేయర్లకు ఆరు ఆడియో సాకెట్లు ఒక గుంపుగా ఉంటాయి: ఎఫ్‌ఎల్, ఎఫ్‌ఆర్ (ముందు ఎడమ, కుడి), ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ (సరౌండ్ ఎడమ, కుడి), సెంటర్, ఎస్‌డబ్ల్యూ (సబ్‌వూఫర్). ఇది 5.1 అనలాగ్ అవుట్. డీకోడింగ్ పని ప్లేయరే చేసేసి ఒక్కో ఛానల్‌ని విడివిడిగా బయటకు ఇస్తుంది. పాత ప్లేయర్ కొనేటప్పుడు ఇది ఉందో లేదో చూడండి, ఎందుకు అవసరమో కింద చెబుతాను.

హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, కోయాక్సియల్: ఏది వాడాలి?

రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే ఇంకో ఆలోచన వద్దు, అదే వాడండి. బ్లూ-రేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాంటివి స్టూడియోలో చేసిన శబ్దాన్ని ఏమీ పోగొట్టకుండా ఇస్తాయి, అవి ఆప్టికల్‌లోగానీ కోయాక్సియల్‌లోగానీ పట్టవు. ఆ పాత డిజిటల్ దారి 1980ల్లో సీడీ రోజుల్లో పుట్టింది. రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1, అంతవరకే దాని శక్తి.

అలాగని రిసీవర్‌కి ఆప్టికల్ మాత్రమే ఉంటే దిగులు పడాల్సిన పని లేదు. డీవీడీలకు ఆప్టికల్ పూర్తిగా సరిపోతుంది, డీవీడీలో డాల్బీ డిజిటల్ మహా అయితే సెకనుకు 448 కిలోబిట్లే. బ్లూ-రే పెట్టినా 5.1 వస్తుంది, ఎందుకంటే డీటీఎస్-హెచ్‌డీ ట్రాక్ లోపలే మామూలు డీటీఎస్ ఒకటి దాచి ఉంటుంది, ట్రూహెచ్‌డీతో పాటు కూడా 640 కిలోబిట్ల దాకా ఉండే మామూలు డాల్బీ డిజిటల్ ట్రాక్ తోడుగా వస్తుంది. ప్లేయర్ దాన్ని తీసి పంపుతుంది. వినడానికి చాలా బాగుంటుంది, నిజం చెప్పాలంటే మామూలు హాల్లో మామూలు స్పీకర్ల మీద తేడా పట్టుకోవడం కష్టమే.

ఆప్టికల్ వైరు కొత్తది అయితే రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, అవి తీయండి. వైరుని మరీ మెలిపెట్టి వంచకండి. ప్లేయర్ ఆన్ చేసి వైరు అవతలి చివర చూస్తే ఎర్రటి వెలుగు కనబడాలి. కనబడలేదంటే వైరు తెగి ఉండొచ్చు, లేదా మెనూలో డిజిటల్ అవుట్ ఆఫ్‌లో ఉండొచ్చు.

కోయాక్సియల్ వైరు దొరకలేదు. ఏవీ వైరులోని పసుపుది వాడొచ్చా?

వాడొచ్చు. పిన్ను ఒకటే, వీడియో వైరు కూడా 75 ఓమ్ వైరే. రెండు మీటర్ల లోపు ఏ ఇబ్బందీ ఉండదు. తెలుపు, ఎరుపు వైర్లతో కూడా చాలాసార్లు పనిచేస్తుంది కానీ మధ్యమధ్యలో శబ్దం తెగిపోతుంటే ముందుగా ఆ వైరునే అనుమానించండి.

ప్లేయర్‌ని టీవీకి పెట్టాలా, రిసీవర్‌కి పెట్టాలా?

రిసీవర్‌కి. ప్లేయర్ హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి రిసీవర్ హెచ్‌డీఎంఐ ఇన్‌కి, రిసీవర్ అవుట్ నుంచి టీవీకి. శబ్దం రిసీవర్ దగ్గర ఆగుతుంది, బొమ్మ టీవీకి వెళ్తుంది.

చాలామంది తిరగేసి చేస్తారు, ప్లేయర్‌ని టీవీకి పెట్టి టీవీనుంచి ఆప్టికల్‌గానీ ఏఆర్‌సీగానీ (టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరు మీద వెనక్కి పంపే దారి) రిసీవర్‌కి ఇస్తారు. టీవీ మధ్యలో దూరితే దాని నియమాలు అది పెడుతుంది. కొన్ని టీవీలు తమ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి వచ్చిన 5.1ని స్టీరియోగా మార్చేసి బయటకు పంపుతాయి, డీటీఎస్‌ని అసలు ముందుకు పోనివ్వని టీవీలూ చాలా ఉన్నాయి. పైగా 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీలో ట్రూహెచ్‌డీ లాంటివి పట్టవు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీలో పడతాయి, కానీ దానికి టీవీ, రిసీవర్ రెండిటికీ ఆ సదుపాయం ఉండాలి. ఇన్ని 'అయితే'లు ఎందుకు, నేరుగా రిసీవర్‌కి పెట్టేస్తే సరిపోతుంది. ఏఆర్‌సీని టీవీలోని యాప్‌ల శబ్దం కోసం ఉంచుకోండి.

4కే బ్లూ-రే ప్లేయర్ కొన్నాను, నా రిసీవర్ పాతది. దాంట్లోంచి పంపితే బొమ్మ రావడం లేదు.

4కే డిస్కు ఆడాలంటే దారిలో ఉన్న ప్రతి పెట్టెకీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ తెలిసి ఉండాలి. పాత రిసీవర్‌కి తెలియదు కాబట్టి బొమ్మ ఆగిపోతుంది, లేదా తక్కువ నాణ్యతకి దిగిపోతుంది. ఇందుకోసమే కొన్ని 4కే ప్లేయర్లకు రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లు ఇస్తారు. ఒకటి నేరుగా టీవీకి, రెండోది శబ్దం కోసం రిసీవర్‌కి. రిసీవర్ మార్చకుండానే పూర్తి శబ్దం వస్తుంది. పాత రిసీవర్ ఉన్నవాళ్లు ప్లేయర్ కొనేముందు ఈ ఒక్కటి చూసుకుంటే వేల రూపాయలు మిగులుతాయి.

అన్నీ కలిపాను. అయినా ముందు రెండు స్పీకర్లలోనే శబ్దం వస్తోంది. ఎందుకు?

నన్ను అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు రిసీవర్ ముందు వైపు డిస్‌ప్లే చూడండి. సినిమా ఆడుతున్నప్పుడు అక్కడ 'డాల్బీ డిజిటల్' లేదా 'డీటీఎస్' అని రావాలి. 'పీసీఎం' అని మాత్రమే వస్తే, పక్కన ఛానళ్ల సంఖ్య రెండే చూపిస్తే, ప్లేయర్ మీకు స్టీరియో పంపుతోందని అర్థం. అప్పుడు స్పీకర్లను, వైర్లను కదపకండి, గొడవ అక్కడ లేదు.

ప్లేయర్ మెనూలో ఆడియో సెటప్‌లోకి వెళ్లండి. పెద్ద కంపెనీల ప్లేయర్లలో 'డిజిటల్ అవుట్' దగ్గర పీసీఎం, బిట్‌స్ట్రీమ్ అని రెండుంటాయి, బిట్‌స్ట్రీమ్ (డిస్కులోని శబ్దాన్ని విప్పకుండా అలాగే పంపేది) పెట్టండి. తక్కువ ధర డీవీడీ ప్లేయర్లలో ఇదే 'ఎస్‌పీడీఐఎఫ్ రా', 'ఎస్‌పీడీఐఎఫ్ పీసీఎం', 'ఆఫ్' అని ఉంటుంది (ఎస్‌పీడీఐఎఫ్ అంటే ఆప్టికల్, కోయాక్సియల్ దారే), అక్కడ 'రా' పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి చాలా ప్లేయర్లు పీసీఎంలోనే వస్తాయి, అలా పెడితే ఎవరి టీవీలో అయినా శబ్దం ఖాయంగా వస్తుందని వాళ్ల ఉద్దేశం. ఆప్టికల్ మీద పీసీఎం అంటే రెండు ఛానళ్లే అన్న సంగతి మాత్రం పెట్టె మీద ఎవరూ రాయరు.

అది సరిగ్గానే ఉంటే డిస్కు మెనూ చూడండి. చాలా డిస్కుల్లో 5.1, స్టీరియో రెండూ ఉంటాయి, కొన్నిట్లో ఏమీ ఎంచుకోకపోతే స్టీరియోనే మొదలవుతుంది. రిమోట్ మీద ఆడియో బటన్ నొక్కుతూ పోతే ట్రాకులు మారతాయి, ఆ మారేటప్పుడు తెర మీద ఏం రాస్తోందో చదవండి. అట్ట మీద 5.1 అని ఉన్నంత మాత్రాన లోపల 5.1 ఉండాలని కూడా లేదు, నకిలీ డిస్కుల్లో ఇది మామూలే.

ఇవన్నీ అయ్యాక కూడా డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ అనే ఉండి ముందు రెండే మోగుతుంటే, అప్పుడు రిసీవర్ స్పీకర్ సెటప్‌లో సెంటర్, సరౌండ్ 'నన్' అని ఉన్నాయేమో, లేదా సౌండ్ మోడ్ 'స్టీరియో' మీద ఉందేమో చూడండి. టెస్ట్ టోన్ నొక్కితే ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా బుస్‌మని శబ్దం రావాలి, రానిదాని వైరు చూడాలి.

బిట్‌స్ట్రీమ్, పీసీఎం: హెచ్‌డీఎంఐలో ఏది మేలు?

హెచ్‌డీఎంఐలో పీసీఎం కూడా అన్ని ఛానళ్లనీ మోస్తుంది, కాబట్టి ప్లేయర్ డీకోడ్ చేసి పంపినా రిసీవర్ డీకోడ్ చేసినా నాణ్యత ఒకటే. ఒక్క తేడా ఉంది: డాల్బీ అట్మాస్ (తల మీది స్పీకర్లను కూడా వాడే పద్ధతి) కావాలంటే బిట్‌స్ట్రీమ్ తప్పనిసరి, ఎందుకంటే పైన ఉన్న స్పీకర్లకు వెళ్లాల్సిన సమాచారం పీసీఎంగా మారేటప్పుడు పోతుంది. ఇంకో సెట్టింగ్ 'సెకండరీ ఆడియో' లేదా 'బీడీ ఆడియో మిక్స్' అని ఉంటుంది, అది ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మెనూ టిక్కు శబ్దాలను కూడా కలపడం కోసం ప్లేయర్ అసలు ట్రాకుని విప్పి మళ్లీ కుదిస్తుంది, ట్రూహెచ్‌డీ రావాల్సిన చోట మామూలు డాల్బీ వస్తుంది.

డీటీఎస్ ట్రాక్ పెట్టగానే పెద్దగా బుస్‌మనే గోల వస్తోంది. ప్లేయర్ పోయిందా?

పోలేదు. వెంటనే వాల్యూమ్ తగ్గించండి, స్పీకర్లకు అది మంచిది కాదు. డీటీఎస్ డేటాని అవతలి పెట్టె గుర్తించలేక మామూలు పాటలాగా వినిపించేస్తోంది, అంతే. రిసీవర్‌కి డీటీఎస్ డీకోడర్ లేకపోతే ఆ డిస్కులో డాల్బీ ట్రాక్ ఎంచుకోండి. డీటీఎస్ ఆడియో సీడీల్లో కూడా ఇదే కథ, వాటిని ఎరుపు-తెలుపు వైరు మీద వింటే గోలే వస్తుంది, ఆప్టికల్ లేదా కోయాక్సియల్ ద్వారా డీకోడర్‌కి వెళ్తేనే పాట వస్తుంది.

సినిమా హాల్లో డీటీఎస్, ఇంట్లో డీటీఎస్ ఒకటేనా?

పేరు ఒకటే, పద్ధతి వేరు. 1993లో మొదలైన థియేటర్ డీటీఎస్‌లో శబ్దం ఫిల్ము మీద ఉండేది కాదు, విడిగా సీడీల్లో వచ్చేది. ఫిల్ము పక్కన ఉన్న టైమ్‌కోడ్‌ని చదివి ఆ సీడీ ప్లేయర్ బొమ్మతో కలిసి నడిచేది. మన ఊళ్లలో పోస్టర్ల మీద పెద్దక్షరాలతో డీటీఎస్ అని వేసుకున్న రోజుల్లో ప్రొజెక్టర్ గదిలో నడిచింది అదే. ఇంటి డిస్కుల్లో ఉండే డీటీఎస్ కుదింపు పద్ధతి దానికి పూర్తిగా వేరు.

లోకల్‌గా అసెంబుల్ చేయించిన 5.1 ఆంప్లిఫయర్ ఉంది. దీనికి ఎలా కలపాలి?

కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డులు కొని చేయించుకున్నవీ, ఊళ్లో రేడియో మెకానిక్ చేసిచ్చినవీ మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. బాగా చేసినవి నిజంగా బాగా మోగుతాయి. వీటిలో రెండు రకాలు.

మొదటి రకానికి వెనక ఆరు ఇన్‌పుట్ పిన్నులు ఉంటాయి. ఇది మంచి రకం. ప్లేయర్‌కి 5.1 అనలాగ్ అవుట్ ఉంటే ఆరు వైర్లూ పేరు చూసుకుని కలపండి. సెంటర్, సబ్‌వూఫర్ తారుమారైతే మాటలు గుయ్యిమని సబ్‌వూఫర్‌లోంచి వస్తాయి, వెంటనే తెలిసిపోతుంది. ప్లేయర్ మెనూలో 'డౌన్‌మిక్స్' అని ఒకటి ఉంటుంది, దాంట్లో ఎల్‌టీ-ఆర్‌టీ, స్టీరియో, వీఎస్‌ఎస్, 5.1 అని కనబడతాయి. అక్కడ 5.1 పెట్టకపోతే ఆరు వైర్లు పెట్టినా ఉపయోగం లేదు. స్పీకర్ సైజు అడిగితే చిన్న శాటిలైట్ స్పీకర్లకు 'స్మాల్' పెట్టండి, అప్పుడు వాటి బరువైన శబ్దం సబ్‌వూఫర్‌కి మళ్లుతుంది. ఈ పద్ధతిలో సబ్‌వూఫర్ బలహీనంగా ఉంటుందని కొందరు అంటారు. ఆ ఛానల్‌ని రికార్డు చేసేటప్పుడే 10 డెసిబెల్స్ తగ్గించి పెడతారు, వినిపించే వైపు పెంచుకోవాలి. మామూలు రిసీవర్ డీకోడర్ ఆ పని తనే చేస్తుంది, అనలాగ్ ఇన్‌పుట్‌లో కొన్నిసార్లు అది జరగదు. సబ్ నాబ్ కొంచెం తిప్పుకుంటే సరి.

ప్లేయర్‌కి ఆరు అవుట్‌లు లేకపోతే, ఆప్టికల్ లేదా కోయాక్సియల్ తీసుకుని ఆరు పిన్నులుగా విడదీసే డీకోడర్ పెట్టె విడిగా దొరుకుతుంది. డాల్బీతో పాటు డీటీఎస్ కూడా డీకోడ్ చేస్తుందా అని దుకాణంలోనే డిస్కు పెట్టించి చూసుకోండి.

రెండో రకానికి ఎరుపు-తెలుపు ఇన్‌పుట్ మాత్రమే ఉంటుంది, లోపల ప్రోలాజిక్ బోర్డు అనేది ఆ రెండు ఛానళ్లనే అటూ ఇటూ పంచి ఆరు స్పీకర్లకు ఇస్తుంది. పాటలు వినడానికి ఇబ్బంది లేదు. సినిమాకి మాత్రం ఇది 5.1 కాదు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. దీంతోనే నడిపించాలంటే ప్లేయర్ డౌన్‌మిక్స్‌లో ఎల్‌టీ-ఆర్‌టీ పెట్టండి, ఇలా పంచే బోర్డుల కోసం ఉన్న సెట్టింగ్ అదే.

డీవీడీ ప్లేయర్ లోపలే ఉన్న పాత హోమ్ థియేటర్ సెట్ ఉంది. డిస్కు ట్రే పాడైంది. బయటి ప్లేయర్ కలపొచ్చా?

వెనక ఆప్టికల్ లేదా కోయాక్సియల్ 'ఇన్' అని ఉందేమో చూడండి. ఉంటే అదృష్టం, పూర్తి 5.1 వస్తుంది. 'ఆక్స్' మాత్రమే ఉంటే స్టీరియోతో సరిపెట్టుకోవాలి. దాని స్పీకర్లను తీసి కొత్త రిసీవర్‌కి పెట్టేముందు వెనక స్టిక్కర్ మీద ఓమ్‌లు చూడండి, ఈ సెట్ల స్పీకర్లు చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లు, రిసీవర్లు మామూలుగా 6 నుంచి 8 అడుగుతాయి. తక్కువ ఓమ్ స్పీకర్లు పెట్టి గట్టిగా వాయిస్తే రిసీవర్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోతుంది.

సౌండ్‌బార్‌కి?

సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ ఇన్ ఉంటే ప్లేయర్‌ని దానికే పెట్టండి. ఏఆర్‌సీ ఒక్కటే ఉంటే ప్లేయర్ టీవీకి, టీవీ నుంచి ఏఆర్‌సీ. టీవీ సౌండ్ సెట్టింగ్‌లో డిజిటల్ అవుట్‌ని 'పాస్ త్రూ' లేదా 'ఆటో' పెట్టండి.

పాత తెలుగు వీసీడీలు 5.1లో వినొచ్చా?

వీసీడీలో ఉన్నదే రెండు ఛానళ్లు, లేనిది ఎక్కడనుంచి తెస్తాం. రిసీవర్‌లో డాల్బీ ప్రోలాజిక్ 2 మూవీ మోడ్ పెడితే మాటలు సెంటర్‌కి, మిగిలిన శబ్దంలో కొంత వెనక్కి చక్కగా సర్దుతుంది. అన్ని స్పీకర్లలో అదే శబ్దం వచ్చే 'ఆల్ ఛానల్ స్టీరియో' కంటే ఇది వంద రెట్లు మేలు. అది ఇంట్లో ఫంక్షన్‌కి పాటలు పెట్టుకోవడానికి బాగుంటుంది, సినిమాకి కాదు.

అమెరికా నుంచి తెచ్చిన డిస్కు ఇక్కడ ఆడటం లేదు. ప్లేయర్ కూడా తేవొచ్చా?

డీవీడీకి అమెరికా రీజియన్ 1, మనది 5, గల్ఫ్ దేశాలు 2. బ్లూ-రేకి అమెరికా ఏ, మనది సీ, గల్ఫ్ బీ. రీజియన్ కలవకపోతే ప్లేయర్ డిస్కుని తీసుకోదు. 4కే బ్లూ-రేలకు ఈ గొడవ లేదు, ఏ దేశంలో కొన్నవైనా ఆడతాయి. తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు అన్ని రీజియన్లకూ పనికొచ్చేలా వచ్చాయి, ఇబ్బంది హాలీవుడ్ డిస్కులతోనే.

సామాను సర్దుకుని తిరిగొచ్చేవాళ్లు ప్లేయర్ కంటే రిసీవర్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వెనక '100-240 వోల్టులు' అని ఉంటే ప్లగ్గు మార్చుకుని వాడుకోవచ్చు. '120 వోల్టులు' అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ రిసీవర్ వాట్లకు తగ్గ పెద్దది. చౌకగా దొరికే ట్రావెల్ అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజీని మార్చదు.

ఫైటింగులకు ఇల్లు అదురుతోంది, మాటలు మాత్రం వినబడవు. ఏం చేయాలి?

థియేటర్ కోసం చేసిన మిక్స్‌లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దూరం ఎక్కువ. దాన్ని యథాతథంగా ఇంట్లో వింటే రిమోట్ చేతిలోంచి దిగదు. ముందు సెంటర్ స్పీకర్ నిజంగా మోగుతోందా అని టెస్ట్ టోన్‌తో చూడండి. సెంటర్ లేని ఇంట్లో రిసీవర్‌కి 'సెంటర్ నన్' అని చెప్పాలి, చెప్పకపోతే మాటలన్నీ లేని స్పీకర్‌కి వెళ్లి మాయమవుతాయి. సెంటర్ ఉంటే దాని లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. టీవీ స్టాండు అరలో లోపలికి నెట్టి పెట్టి ఉంటే అర అంచుదాకా ముందుకు లాగండి, చెవివైపు కొంచెం పైకి వంచండి, ఈ చిన్న పనికే మాట ఎంత తేటపడుతుందో వింటే తెలుస్తుంది. రాత్రిపూట అయితే 'నైట్ మోడ్' లేదా 'డైనమిక్ రేంజ్' అనే సెట్టింగ్ వాడండి, పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. పిల్లలు పడుకున్న ఇంట్లో, గోడ పక్కనే పక్కింటివాళ్లు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఇది తప్పకుండా వాడాల్సిన సెట్టింగ్.

దీనికి గది కూడా కారణమే. మన హాళ్లలో కింద టైల్సు లేదా గ్రానైటు, గోడలు ఉత్తవి, శబ్దం కొట్టుకుని కొట్టుకుని తిరుగుతుంది. సోఫాకీ టీవీకీ మధ్య ఒక రగ్గు, కిటికీలకు దళసరి కర్టెన్లు వేస్తే కొత్త స్పీకర్లు కొన్నంత మార్పు ఉంటుంది.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

మీరు కూర్చునే చోటు నుంచి చూస్తే ముందు రెండూ మధ్య గీతకు చెరో 22 నుంచి 30 డిగ్రీల దూరంలో, ట్వీటర్ (సన్నని శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో. సరౌండ్ స్పీకర్లు పూర్తిగా వెనక కాదు, పక్కలనుంచి కాస్త వెనక్కి, 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి కంటే కొంచెం పైన. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే, మన ఇళ్లలో ఎక్కువగా అంతే కదా, స్పీకర్లను ఆ వెనక గోడకు తల మీద కొట్టించకండి, రెండు పక్క గోడలకు ఎదురెదురుగా పెట్టండి. ఒక పక్క గోడే లేకుండా డైనింగ్ హాలు తెరుచుకుని ఉంటే ఆ వైపు స్టాండు వేయాల్సిందే. రెండు స్పీకర్లనూ టీవీ పక్కనే పేర్చేయడం మాత్రం వద్దు.

సబ్‌వూఫర్‌ని తాత్కాలికంగా మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బాస్ ఎక్కువున్న పాట వేసి, గది గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బాస్ తేటగా, సమంగా వినిపిస్తే అక్కడ సబ్‌వూఫర్ పెట్టండి. తర్వాత రిసీవర్ సెటప్‌లో ఒక్కో స్పీకర్ దూరం టేపుతో కొలిచి ఇవ్వండి. శబ్దం అడుగు దూరానికి దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, ఆ లెక్క రిసీవర్ సరిచేస్తుంది. క్రాస్‌ఓవర్ (ఎన్ని హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌వూఫర్‌కి పోవాలో చెప్పే సెట్టింగ్) ఎంత పెట్టాలో తెలియకపోతే 80 హెర్ట్జ్ పెట్టండి, మరీ చిన్న స్పీకర్లయితే 120.

స్పీకర్ వైరు ఎలాంటిది? ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలా?

రాగి వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం, హాలంత దూరానికి చాలు. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ చూసుకోండి, ఒక స్పీకర్ తిరగబడితే బాస్ పల్చబడి మాట ఎక్కడో గాల్లోంచి వస్తున్నట్టుంటుంది. చివర్లో ఒక్క తీగ పోగు పక్క టెర్మినల్‌ని తాకినా రిసీవర్ ఆగిపోతుంది, కాబట్టి పోగులు గట్టిగా మెలిపెట్టి దూర్చండి.

హెచ్‌డీఎంఐకి వేలు పోయకండి. డిజిటల్ సంకేతం చేరితే పూర్తిగా చేరుతుంది, లేకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగిపోతుంది. ఖరీదైన వైరుతో శబ్దం 'తియ్యగా మారడం' ఉండదు. 4కే ప్లేయర్‌కి మాత్రం 18 గిగాబిట్లు మోసే 'ప్రీమియం హై స్పీడ్' లేబుల్ ఉన్నది, రెండు మూడు మీటర్లలో తీసుకోండి.

సినిమా ఆపినా స్పీకర్లలో గుయ్యిమనే శబ్దం వస్తోంది.

అది మన 50 హెర్ట్జ్ కరెంటు శబ్దం. ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, ఆగిపోతే దొంగ దొరికినట్టే, ఆ వైరు వేరే ఎర్త్ మోసుకొస్తోంది. టీవీ, ప్లేయర్, రిసీవర్ మూడూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి తీసుకోండి. అనలాగ్ వైరు ఉన్నచోట ఆప్టికల్ పెడితే ఇంకా మంచిది, వెలుగులో కరెంటు పోదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే గుయ్యిమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, సైన్ వేవ్ దానితో ఆ బాధ ఉండదు. శబ్దం ఆగుతుంది కదా అని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం ఎవరు చెప్పినా చేయకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోంది, లేదా మాటే ముందు వస్తోంది.

మాట ముందు వస్తుంటే టీవీ బొమ్మని మెరుగులు దిద్దడానికి సమయం తీసుకుంటోంది. టీవీలో పిక్చర్ మోడ్‌ని 'గేమ్' లేదా 'సినిమా'కి మార్చి చూడండి, చాలకపోతే రిసీవర్‌లో ఆడియో డిలే కొంచెం కొంచెంగా పెంచండి. మాట ఆలస్యమైతే ఆ డిలే ఇప్పటికే ఎక్కువ పెట్టి ఉందేమో చూసి సున్నాకి తేండి. దానికీ తగ్గకపోతే శబ్దం టీవీ గుండా చుట్టూ తిరిగి వస్తోందేమో చూసి, ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి మార్చండి.

డిస్కు మధ్యలో ఆగి ఆగి ఆడుతోంది.

మెత్తని పొడి గుడ్డతో మధ్యనుంచి అంచువైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. డేటా వలయాలుగా ఉంటుంది కాబట్టి ఆ దిశలో పడ్డ గీత ఎక్కువ నష్టం చేస్తుంది. వేరే డిస్కులు కూడా ఆగుతుంటే లెన్సు మీద దుమ్ము చేరి ఉంటుంది. ప్లేయర్‌ని రిసీవర్ నెత్తి మీద పెట్టకండి, రిసీవర్ వేడంతా పైకే వస్తుంది. రెండిటికీ వేర్వేరు అరలు ఇచ్చి, రిసీవర్ పైన కనీసం అరచేయంత ఖాళీ వదలండి.